అమెరికా హైస్కూల్ ఇంగ్లీష్ మీద తిరుగుతున్న ఆ ఫార్వర్డ్‌కు జవాబు

ఎనిమిదో తరగతి పిల్లలు తొమ్మిదికి కోర్సులు ఎంచుకునే రోజులు రాగానే అమెరికాలోని తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తేలుతుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఇది: "హైస్కూల్ ఇంగ్లీష్ అంటే నాలుగేళ్లు నవలలు, పద్యాలు. కంప్యూటర్ సైన్స్‌కు వెళ్లే పిల్లలకు దాంతో పనిలేదు. సులువైన సెక్షన్‌లో వేసి ఆ టైము మ్యాథ్‌కు ఇవ్వండి. కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షకు మూడు వేల పదాలు బట్టీ పడితే చాలు. స్కూల్లో గ్రామర్ ఎలాగూ చెప్పరు. ఇంట్లో తెలుగు తగ్గించండి, ఇంగ్లీష్ అదే బాగుపడుతుంది. వ్యాసాలంటారా, ఇక ఏఐ రాసిపెడుతుంది."

ఇందులో గ్రామర్ గురించిన మాటలో కొంత నిజముంది. దాని సంగతి కిందికి వెళ్లాక చెబుతాం.

"నాలుగేళ్లు నవలలు, పద్యాలు"

సాహిత్యం లేదని కాదు. చాలా స్కూళ్లలో తొమ్మిదిలో కథలూ ఒక షేక్‌స్పియర్ నాటకం, పదిలో ప్రపంచ సాహిత్యం, పదకొండులో అమెరికన్ సాహిత్యం, పన్నెండులో బ్రిటిష్ సాహిత్యమో ఏదైనా ఎలక్టివో ఉంటాయి. కానీ ఏ తరగతిలో పిల్లలకు ఏమేం రావాలో చెబుతూ 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలను ఒకసారి తెరిచి చూడండి. చాలా రాష్ట్రాలు వాటిని అలాగేనో, పేరు మార్చో వాడుతున్నాయి. వాటిలో సాహిత్యం చదవడం ఒక భాగం మాత్రమే. సమాచార రచనలు చదవడం, రాయడం, మాట్లాడడం–వినడం, భాష అని మరో నాలుగు ఉన్నాయి. తొమ్మిది, పది తరగతుల ప్రమాణాల్లో జార్జ్ వాషింగ్టన్ వీడ్కోలు సందేశం, లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం, మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖ పేర్లతో సహా ఉదాహరణలుగా ఉన్నాయి. వీటిలో ఒక్కటీ నవల కాదు. టెక్సస్ కామన్ కోర్‌లో చేరలేదు, సొంత ప్రమాణాలు పెట్టుకుంది. వాటిలోనూ వాదన రాయడం, సమాచారాన్ని విశ్లేషించడం ఉన్నాయి.

పదకొండులో చాలామంది తీసుకునే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) ఇంగ్లీష్ లాంగ్వేజ్ కోర్సులో దాదాపు అంతా ప్రసంగాలు, లేఖలు, వ్యాసాలే. మే నెల పరీక్షలో 45 బహుళైచ్ఛిక ప్రశ్నలకు ఒక గంట, దానికి 45 శాతం విలువ. ఆ తర్వాత 2 గంటల 15 నిమిషాల్లో మూడు వ్యాసాలు, వాటికి 55 శాతం. మొదటిది ఇచ్చిన మూలాల్లో కనీసం మూడింటిని వాడి ఒక వైఖరిని నిలబెట్టడం. రెండోది ఒకరి రచన ఎలా పనిచేస్తుందో విప్పి చూపడం. మూడోది సొంత వాదన.

మన పిల్లలు ఎక్కువగా జారిపడేది రెండోదాంట్లో. "లింకన్ ఒకే మాటను మళ్లీ మళ్లీ వాడాడు, బైబిల్ శైలి వాడాడు, దానివల్ల శ్రోతలు కదిలిపోయారు" అని అలంకారాల జాబితా రాసేస్తారు. ఈ వాక్యాన్ని ఏ ప్రసంగానికి అంటించినా అతుకుతుంది, అందుకే దానికి విలువ లేదు. అదే ప్రసంగాన్ని ఇలా చూడొచ్చు. 1863 నవంబర్ 19న లింకన్ ఎనభై ఏడేళ్ల కిందటి మాటతో మొదలుపెట్టాడు. 1863లోంచి 87 తీసేస్తే 1776, అంటే స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన ఏడాది. రాజ్యాంగం రాసిన 1787 నుంచి ఆయన లెక్కపెట్టలేదు. ఆ రాజ్యాంగంలో బానిసత్వానికి రక్షణలున్నాయి, ప్రకటనలో మనుషులంతా సమానులన్న మాట ఉంది. దేశం పుట్టిన ఏడాదిని ఎంచుకోవడంలోనే అప్పుడు జరుగుతున్న అంతర్యుద్ధం దేనికోసమో ఆయన తేల్చేశాడు. చుట్టూ ఉన్న శ్రోతలెవరు, సందర్భమేమిటి, వేరే ఏ దారి వదిలి ఈ దారి పట్టాడు అని అడిగితేనే ఈ విశ్లేషణ పుడుతుంది. ఏడాది పొడవునా క్లాసులో చేయించేది ఈ మూడు ప్రశ్నలు అడిగించడమే.

మార్కులు కూడా టీచర్ ఇష్టాన్ని బట్టి పడవు. ఒక్కో వ్యాసానికి 6 పాయింట్లు. థీసిస్‌కు, అంటే వ్యాసం నిలబెట్టే ప్రధాన వాదనకు, 1, ఆధారాలకూ వాటి మీద వ్యాఖ్యానానికీ కలిపి 4, లోతుకు 1. ప్రశ్నలోని వాక్యాన్నే తిప్పి రాస్తే థీసిస్ పాయింట్ సున్నా. లోతు పాయింట్ కోసం బరువైన పదాలు దట్టిస్తే అదీ రాదు. ప్రతివాదాన్ని నిజాయితీగా ఎదుర్కోవడమో, విషయంలోని ఒత్తిళ్లను చూపడమో చేస్తే వస్తుంది.

"ఆ టైము మ్యాథ్‌కు ఇవ్వండి"

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల్లో (యూసీ) చేరడానికి హైస్కూల్లో ఏ కోర్సులు చదవాలో చెప్పే ఏ–జీ నిబంధనల ప్రకారం ఇంగ్లీష్ నాలుగేళ్లు తప్పనిసరి, మ్యాథ్ మూడేళ్లు తప్పనిసరి, నాలుగో ఏడాది మంచిదని సలహా. న్యూజెర్సీలో హైస్కూల్ పట్టాకు ఇంగ్లీష్ 20 క్రెడిట్లు, మ్యాథ్ 15. తప్పించుకునే దారి లేని సబ్జెక్టును తేలిగ్గా పెట్టుకోవడమంటే నాలుగేళ్లూ గ్రేడ్లు దేనిలో కూడబెడుతున్నామో చూసుకోకపోవడమే.

అడ్మిషన్లలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంజనీరింగ్ పేరు చెప్పగానే అందరూ తలుచుకునే ఎంఐటీ రెండు సిఫార్సు లేఖలు అడుగుతుంది. ఒకటి మ్యాథ్ లేదా సైన్స్ టీచర్ నుంచి, రెండోది హ్యుమానిటీస్, సోషల్ సైన్స్ లేదా భాషల టీచర్ నుంచి. కాల్‌టెక్ పద్ధతీ అంతే. చాలామంది పిల్లల విషయంలో ఆ రెండో లేఖ పదకొండో తరగతి ఇంగ్లీష్ టీచరే రాస్తారు. వెనక బెంచీలో నోరు విప్పకుండా కూర్చున్న పిల్లవాడి గురించి ఆ టీచర్ రాయగలిగేది "సకాలంలో హోంవర్క్ ఇస్తాడు" అని మాత్రమే. ఇక బర్కిలీ, లాస్ ఏంజెలెస్ లాంటి యూసీ క్యాంపస్‌లు శాట్ స్కోరు చూడనే చూడవు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాలు మించకుండా జవాబులు రాయమంటాయి. అంటే మొత్తం 1400 పదాలు. కంప్యూటర్ సైన్స్‌కైనా అంతే.

ఇలా అన్నామని అందరినీ ఆనర్స్‌లో, అంటే కష్టమైన పై స్థాయి సెక్షన్‌లో, వేయమని కాదు. ముప్పై పేజీలు చదవడానికి రెండు గంటలు పట్టే పిల్లలకు తొమ్మిదిలో మామూలు సెక్షనే మంచిది. చదివే వేగం పెంచుకుని పదిలో మారవచ్చు. ఆ నిర్ణయం చదివే తీరును చూసి తీసుకోవాలి. మ్యాథ్‌కు ఎన్ని గంటలు మిగులుతాయన్న లెక్కతో కాదు.

"శాట్‌కు మూడు వేల పదాలు"

ఈ సలహా ఒకప్పటి పరీక్షకు. పదాల జతలు కలిపే ప్రశ్నలు 2005లో పోయాయి. అరుదైన పదాలతో ఖాళీలు పూరించే ప్రశ్నలు 2016లో పోయాయి. 2024 మార్చి నుంచి అమెరికాలో శాట్ పూర్తిగా డిజిటల్. చదవడం–రాయడం విభాగంలో 54 ప్రశ్నలు, 64 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 71 సెకన్లు. 27 ప్రశ్నల చొప్పున రెండు మాడ్యూళ్లు ఉంటాయి. మొదటిదాంట్లో ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోదాని కష్టం మారుతుంది. ఒక్కో ప్రశ్నకు 25 నుంచి 150 పదాల చిన్న పేరా ఒకటి.

పదాల ప్రశ్నలు ఇప్పటికీ ఉన్నాయి, కానీ అవి సందర్భంలో ఏ పదం ఇముడుతుందని అడుగుతాయి. పోయే మార్కులు ఎక్కువగా వేరే చోట పోతాయి. ఆధారం ఎంచుకోమనే ప్రశ్నలో "చెట్లున్న వీధుల్లో వేడి తక్కువ" అన్న వాదనకు ఏది బలమిస్తుందని అడిగితే, చెట్ల మీద పక్షుల సంఖ్య పెరిగిందన్న జవాబు గుర్తిస్తారు. అది పేరాలో ఉన్న నిజమే, కానీ వేడి గురించి ఏమీ చెప్పదు. విరామ చిహ్నాల్లో రెండు పూర్తి వాక్యాల మధ్య "హౌఎవర్" పెట్టి రెండు వైపులా కామాలు పెట్టేస్తారు. అక్కడ ముందు సెమీకోలన్ గానీ ఫుల్‌స్టాప్ గానీ ఉండాలి. కోలన్‌కు ముందున్నది పూర్తి వాక్యమై ఉండాలన్నది ఇంకొకటి.

తెలుగులో ఆలోచించి రాసే పిల్లలకు, ముఖ్యంగా హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో తొమ్మిది, పదిలో వచ్చి చేరినవాళ్లకు, ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. "వీధిలో నడుస్తుంటే వాన మొదలైంది" అనేది తెలుగులో ఏ లోపమూ లేని వాక్యం. నడిచేది ఒకరు, మొదలయ్యేది వాన, అయినా ఎవరికీ అనుమానం రాదు. ఇంగ్లీష్‌లో "వాకింగ్" అని మొదలుపెట్టి కామా తర్వాత "రెయిన్" అంటే వాన నడుస్తున్నట్టు లెక్క, శాట్ దాన్ని తప్పు కింద పట్టుకుంటుంది. కామా తర్వాత వచ్చే మొదటి నామవాచకమే ఆ పని చేస్తోందా అని ప్రతిసారీ అడిగి చూసుకోవాలి. ఏ పదాల పట్టికా ఈ అలవాటు నేర్పదు. స్పెల్లింగ్ బీ వేదికల మీద మన పిల్లలు సాధించింది గొప్పదే, అది వేరే విద్య.

"గ్రామర్ చెప్పరు"

మన దగ్గర చెప్పినట్టు చెప్పరు, అది నిజం. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చండి, డైరెక్ట్‌ను ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చండి అనే పేజీల కొద్దీ అభ్యాసాలు అక్కడ దాదాపు కనిపించవు. అది సోమరితనం వల్ల వచ్చింది కాదు. రాతతో సంబంధం లేకుండా విడిగా నేర్పిన వ్యాకరణం రాతను మెరుగుపరచదని 1963లో బ్రాడాక్ బృందం నివేదిక చెప్పింది. 1985లో అక్కడి ఇంగ్లీష్ టీచర్ల జాతీయ మండలి అలాంటి విడి అభ్యాసాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. నాలుగు నుంచి పన్నెండో తరగతి వరకు రాత మీద జరిగిన పరిశోధనలను 2007లో గ్రాహమ్, పెరిన్ క్రోడీకరించినప్పుడు కూడా విడి వ్యాకరణ బోధన ఫలితం ప్రతికూలంగానే వచ్చింది. చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యం కట్టించడం మాత్రం మంచి ఫలితం చూపింది.

ఆ పద్ధతి ఇంట్లో కూడా సులువే. ఒకే విషయం మీద నాలుగు పొట్టి వాక్యాలు ఇచ్చి, వాటిని ఒకే వాక్యంగా మూడు రకాలుగా కలపమనండి. ఒకసారి కారణం ముందుకు, ఒకసారి ఫలితం ముందుకు, ఒకసారి సెమీకోలన్‌తో. ఏది ఎక్కడ నొక్కి చెబుతోందో పిల్లలే చెప్పాలి. రోజూ పది నిమిషాలు చాలు. ప్రమాణాల్లో తొమ్మిది, పదికి రాసి ఉన్న సమాంతర నిర్మాణం, సెమీకోలన్, కోలన్ వాడకం ఈ పనిలోనే వచ్చేస్తాయి. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. కొందరు టీచర్లు విడిగా చెప్పకూడదన్నదాన్ని అసలు చెప్పనక్కర్లేదు అన్నట్టు తీసుకుంటారు. కామా తప్పుకు ఎర్రగీత గీసి ఊరుకునే క్లాసు పడితే పైన చెప్పిన పది నిమిషాలు మీకు మరీ అవసరం.

"ఇంట్లో తెలుగు తగ్గించండి"

తెలుగు ఆపినంత మాత్రాన థీసిస్ రాయడం రాదు. ఈ భయంతోనే కొందరు స్కూల్లో చేర్చేటప్పుడు ఇంటి భాష ఫారంలో "ఇంగ్లీష్" అని రాస్తారు. కాలిఫోర్నియాలో తెలుగు అని రాస్తే ముప్పై రోజుల్లోగా ఎల్పాక్ అనే పరీక్ష పెడతారు, వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింటిలో. బాగా వస్తే అక్కడితో అయిపోతుంది. రాకపోతే భాషా సాయం అందుతుంది. అబద్ధం రాసినవాళ్ల పిల్లలకు ఆ సాయం దొరకదు. పైగా ఆ రాష్ట్రంలో 2011లో చట్టమైన ద్విభాషా ముద్ర హైస్కూల్ పట్టా మీద పడుతుంది. దానికి ఇంగ్లీష్‌తో పాటు రెండో భాషలోనూ పట్టు చూపాలి.

"ఏఐ రాసిపెడుతుంది"

ఏపీ, శాట్ పరీక్షలు బ్లూబుక్ అనే యాప్‌లో జరుగుతాయి, పరీక్ష నడుస్తున్నంతసేపూ మిగతా యాప్‌లు మూతపడి ఉంటాయి. కాలేజీ దరఖాస్తుకు వాడే కామన్ యాప్ కూడా ఏఐ రాసిన సారాన్ని సొంతమని చెప్పుకోవడాన్ని తన మోసాల నియమాల్లో చేర్చింది. క్లాసులో టీచర్లు ఇప్పుడు రూపురేఖ, మొదటి ప్రతి, సవరణ విడివిడిగా అడుగుతున్నారు, గూగుల్ డాక్స్‌లో మార్పుల చరిత్ర చూస్తున్నారు, కొన్నిచోట్ల మళ్లీ చేత్తో రాయిస్తున్నారు. ఏఐ ఇచ్చే వ్యాసంలో పుస్తకంలో లేని కొటేషన్ దూరడం మామూలు. దాన్ని పట్టుకోవాలంటే పుస్తకం చదివి ఉండాలి. ఇంటి వ్యాసానికి 95 వచ్చి క్లాసు వ్యాసానికి 70 వచ్చే పిల్లలు టీచర్ కంట్లో పడకుండా ఉండరు.

ఇంట్లో మీరు నిజంగా చేయగలిగిన పని ఒకటుంది. స్కూల్ పేరెంట్ పోర్టల్‌లో వ్యాసానికి 84 వచ్చిందని మాత్రమే కనిపిస్తుంది. ఆ వ్యాసం వెనక జతచేసిన రుబ్రిక్ పేజీ (దేనికెన్ని పాయింట్లో చూపే పట్టిక) అడిగి తీసుకుని వరస వరసా చూడండి. థీసిస్ పాయింట్ వచ్చి, ఆధారాల్లో 4కు 2 దగ్గర ఆగిపోయిందంటే కొటేషన్లు ఉన్నాయి గానీ వాటి తర్వాత వివరణ లేదన్నమాట. అప్పుడు వ్యాసమంతా తిరగరాయించకండి. ఒక్క పేరా తీసుకుని, ప్రతి కొటేషన్ కింద "ఇది నా వాదనను ఎలా నిలబెడుతోంది" అన్నదానికి జవాబుగా కనీసం రెండు వాక్యాలు రాయమనండి. ఆ పేరా పట్టుకుని టీచర్‌ను కలవడానికి సమయం అడుగుతూ ఈమెయిల్ మాత్రం పిల్లలే రాయాలి, మీరు కాదు.