తోటమాలి కూడా శిల్పే

న్యూయార్క్ సెంట్రల్ పార్కు ఉత్తర భాగంలో కన్సర్వేటరీ గార్డెన్ అనే తోట ఉంది. 1937లో తెరిచారు. 1970లలో నగర ఖజానా అడుగంటాక తోట కూడా పాడుబడింది. అటు అడుగు పెట్టడానికే జనం జంకేవారు. 1982లో దాన్ని మళ్లీ బతికించే పని మొదలుపెట్టిన లిండెన్ మిల్లర్ అంతకుముందు చిత్రకారిణి. ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుంది, ఏది ముందుకు రావాలి, ఏది వెనక్కి తగ్గాలి అన్న లెక్కనే ఆమె పూలమడుల్లోకి తెచ్చారు. ఒక్కటే తేడా. గీసిన బొమ్మ గోడ మీద ఉన్నచోటే ఉంటుంది. పూలమడిని ఏటా మళ్లీ వేసుకోవాలి.

ఈ తేడాను మనం పట్టించుకోం. పార్కుకు వెళ్తే శిల్పాన్ని కళ అంటాం, చుట్టూ ఉన్న చెట్టూ చేమా దాని వెనక కట్టిన పచ్చతెర అనుకుంటాం. నగరాలను నడిపేవాళ్లూ చాలాసార్లు ఇలాగే అనుకుంటారు. అందుకే ఆవిష్కరణకు దొరికినంత తేలిగ్గా డబ్బు ఆ తర్వాత నీళ్లు పోయడానికి దొరకదు. ఆరుబయట శిల్పంలో సగం పని తోటదేనని నా గట్టి నమ్మకం.

నార్వే రాజధాని ఓస్లోలోని ఫ్రొగ్నర్ పార్కునే చూడండి. 1921లో శిల్పి గుస్తావ్ విగెలాండ్‌కు నగరం స్టూడియో కట్టించి ఇస్తానంది, బదులుగా ఆయన తన పనంతా నగరానికి ఇస్తానన్నాడు. అక్కడ 200కు పైగా శిల్పాలు చేసి ఊరుకోలేదాయన. బాటలు, పచ్చికలు, చెట్ల వరసలు ఎక్కడెలా ఉండాలో కూడా తానే గీశాడు. ఈ కొస నుంచి ఆ కొసకు 850 మీటర్ల తిన్నని దారి. గేటు దగ్గర నిలబడితే దూరాన మిట్ట మీద ఒక రాతి స్తంభం కనిపిస్తుంది, అంతే. కంచు బొమ్మల వంతెన దాటి, ఫౌంటెన్ దాటి, మెట్లెక్కేసరికి ఆ స్తంభంలోంచి చేతులు, వీపులు, ముఖాలు విడివడతాయి: ఒకే గ్రానైట్ రాతిలో ఒకరినొకరు పట్టుకుని పైకి పోతున్న 121 మంది. ముగ్గురు రాతిపనివాళ్లు దాన్ని 14 ఏళ్లు చెక్కారు. మ్యూజియం హాల్లో పెట్టి ఉంటే తలుపు తియ్యగానే అంతమందీ ఒక్కసారే కనిపించేవారు. ఆ నడక, ఆ నిదానం ఉండేవి కావు.

రుతువు సంగతి కళాకారులైన క్రిస్టో, జాన్-క్లోడ్ దంపతులకు బాగా తెలుసు. 2005 ఫిబ్రవరిలో సెంట్రల్ పార్కు బాటల మీద కాషాయ వస్త్రం వేలాడే 7,503 ద్వారాలు 16 రోజుల పాటు నిలిపారు. చెట్లకు ఆకులుండని నెల కాబట్టే ఫిబ్రవరిని ఎంచుకున్నారు. మోడు కొమ్మల మధ్య నుంచి ఆ రంగు చాలా దూరం కనిపిస్తుంది. 1981లో అధికారులు కాదన్న ఆలోచన ఇది. చివరికి నేలలో గుంటలు తవ్వకుండా, బరువైన ఉక్కు దిమ్మెల మీదే నిలబెట్టారు.

నేలను అంతగా పట్టించుకోకపోతే ఏమవుతుందో లండన్ హైడ్ పార్కులో తెలిసింది. 2004 జులైలో తెరిచిన డయానా స్మారక ఫౌంటెన్ 545 గ్రానైట్ ముక్కల వలయం. కంప్యూటర్ సాయంతో కోసిన రాళ్లవి. తెరిచిన కొద్ది వారాల్లోనే కొందరు నీళ్లలో జారిపడ్డారు, ఫౌంటెన్ మూసేశారు. చుట్టూ పచ్చిక తొక్కిడికి బురదైంది. తర్వాత రాతిని గరుకు చేసి, గట్టి గడ్డి పరిచి, కొత్త బాట వేయాల్సి వచ్చింది. రాయి మీద పెట్టిన శ్రద్ధ గడ్డి మీద కూడా ముందే పెట్టి ఉంటే ఆ తంటాలో చాలావరకు తప్పేది.

రాయికీ పోషణ కావాలి. ఆ పక్కనే కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో శిల్పి హెన్రీ మూర్ 1980లో ఇచ్చిన ఆరు మీటర్ల రాతి కమాను నిలకడ తప్పడంతో 1996లో విప్పేశారు. మళ్లీ నిలబడింది 2012లో.

చూడబోయేవాళ్లకు నా మాట ఒకటే: ఒక్క రోజులో పార్కంతా చుట్టేయకండి. రెండు మూడు శిల్పాలు ఎంచుకుని పొద్దు వాలే వేళ వెళ్లండి. నడినెత్తి ఎండలో చదునుగా కనిపించే కంచు మడతలు ఏటవాలు వెలుగులో లేచి నిలబడతాయి. వెనక వైపుకూ వెళ్లండి, చాలామంది అటు తొంగిచూడరు. కంచు ఎక్కడ మెరుస్తోందంటే అక్కడ వేల చేతులు తాకి చిలుమును అరగదీశాయన్నమాట; ఓస్లోలో కోపంతో ఏడుస్తున్న పిల్లాడి బొమ్మకు ఎడమ చెయ్యి అలాగే తళతళలాడుతుంది. చూస్తే ముచ్చటేస్తుంది, కానీ తాకిన ప్రతి చెయ్యీ పిసరంత కంచును తీసుకుపోతుంది. నేనైతే తాకను.

ఎవరైనా పార్కుకు శిల్పం ఇస్తామంటే, దాని పోషణకూ, దాని చుట్టూ నేలకూ కొన్నేళ్ల ఖర్చు ముందే జమచేయమని నగరాలు అడగాలి. పలక మీద శిల్పి పేరు కింద ఆ చోటును పెంచుతున్నవాళ్ల పేర్లూ చెక్కించాలి. కన్సర్వేటరీ గార్డెన్ ఫౌంటెన్‌లో ముగ్గురు కంచు అమ్మాయిలు చేతులు కలిపి నాట్యమాడుతుంటారు. వసంతంలో వాళ్ల చుట్టూ వేల తులిప్‌లు పూస్తాయి. ఆ దుంపలను అంతకుముందు ఆకురాలు కాలంలోనే తోటమాలులు వంగి నాటి ఉంటారు. పూత అయిపోయాక తీసేసి, అవే మడుల్లో చామంతులకు చోటు చేస్తారు.