జాయింట్ రిజిస్ట్రేషన్ ఉంటే వీలునామా అక్కర్లేదా?

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సలహా ఇది: "ఫ్లాట్ భార్యాభర్తలిద్దరి పేర రిజిస్టర్ చేయించండి. ఒకరు పోతే మొత్తం రెండోవారిదే. వీలునామా అక్కర్లేదు, డెత్ సర్టిఫికెట్ చాలు." ఇందులో పనికొచ్చేది మొదటి వాక్యం ఒక్కటే.

"మొత్తం రెండోవారిదే." కాదు. బ్యాంకు ఖాతాలోని 'ఐదర్ ఆర్ సర్వైవర్'ను (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు డబ్బు తీసుకోవచ్చనే పద్ధతి) ఇంటికి కూడా తగిలించేశారు. దస్తావేజులో వేరే షరతు లేకపోతే ఎవరి వాటా వారిదే. వాటాలు రాయకుండా, ఎవరెంత పెట్టారో ఆధారమూ లేకపోతే చెరిసగం అనుకోవాలని 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 45 చెబుతోంది. పోయినవారి సగం వారి వారసులకు పోతుంది.

ఒక హిందూ కుటుంబం లెక్క చూడండి. సొంత సంపాదనతో కొన్న ఫ్లాట్, వీలునామా లేదు. పోయిన భర్తకు భార్య, కొడుకు, కూతురు, తల్లి ఉన్నారు. 1956 హిందూ వారసత్వ చట్టంలో నలుగురూ మొదటి తరగతి వారసులే, కాబట్టి అతని సగంలో ఒక్కొక్కరికి మొత్తం ఫ్లాట్‌లో ఎనిమిదో వంతు. భార్యకు తన సగంతో కలిపి ఎనిమిదింట ఐదు. అందరూ మరిచేది అత్తగారిని. ఆవిడా వీలునామా రాయకుండా పోతే ఆ ఎనిమిదో వంతులో మరిదికి, ఆడపడుచుకు, మామగారు ఉంటే ఆయనకూ వాటా వస్తుంది. ఇక అమ్మాలంటే వాళ్ల సంతకాలూ కావాలి.

భార్యే ముందు పోతే ఆమె సగం భర్తకు, పిల్లలకు సమానం. ఆమె తల్లికి మాత్రం ఏమీ రాదు! ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో భాగాలు వేరు.

"డెత్ సర్టిఫికెట్ చాలు." ఇంటి పన్నులో పేరు మార్చుకోవడానికి పనికి రావచ్చు. ఈ పేరు మార్పు (మ్యుటేషన్) చెప్పేది పన్ను ఎవరు కట్టాలో, యజమాని ఎవరో కాదు. భార్య ఒక్కతే సంతకం పెట్టి అమ్మితే కొన్నవారికి ఆమె వాటాయే దక్కుతుంది. కొనేవారి బ్యాంకు లాయరు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగాక బేరం ఆగేది ఇక్కడే. పిల్లలు మైనర్లైతే వాళ్ల వాటా అమ్మడానికి తల్లి ముందుగా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. లేకుంటే 18 నిండాక మూడేళ్లలోపు వాళ్లు ఆ అమ్మకంపై దావా వేయొచ్చు.

"సొసైటీలో నామినీని కదా" అంటారు కొందరు. నామినీకి వచ్చేది సభ్యత్వం, యాజమాన్యం కాదు.

"వీలునామా అక్కర్లేదు." అక్కరే, అదీ ఇద్దరికీ. ఎవరి వాటాకు వారు విడిగా రాయాలి. ఫ్లాట్ నంబరు, దస్తావేజు నంబరు, అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో ఆ ఫ్లాట్‌కు వచ్చే విడదీయని వాటా) ఎన్ని గజాలో ఉండాలి. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, లబ్ధి పొందేవారు సాక్షులుగా ఉండకుంటే మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే గొడవలు తగ్గుతాయి.

ఇప్పటికే ఒకరు పోయి ఉంటే, వాటా వద్దనుకునేవారు రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు రాసివ్వాలి. నోటరీ చేయించిన కాగితం చెల్లదు. అత్తగారి వాటా సంగతి ఆవిడ బతికుండగానే అయితే ఒక్క సంతకంతో తేలిపోతుంది. తర్వాతైతే ఆవిడ వారసులందరినీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకురావాలి.