డాలీ వెనుక లెక్కకు రాని ప్రాణాలు

1996 జులై 5న స్కాట్లాండ్‌లోని రోస్లిన్ పరిశోధన సంస్థలో ఒక నల్లమొహం గొర్రె తెల్లమొహం పిల్లను ఈనింది. కడుపున మోసిన తల్లికీ ఆ పిల్లకూ రక్తసంబంధం లేదనడానికి ఆ రంగు తేడాయే కంటికి కనిపించే సాక్ష్యం. ఆరేళ్ల వయసున్న మరో జాతి గొర్రె పొదుగులోంచి తీసిన కణం ఆ పిల్లకు మూలం. ఆ కణానికి పోషకాలు తగ్గించి, విభజన ఆగిపోయేలా చేశారు. ఇంకో గొర్రె అండాన్ని తీసుకుని, వెంట్రుకకన్నా సన్నని గాజు గొట్టంతో అందులోని జన్యుపదార్థాన్ని పీల్చేశారు. రెండింటినీ ఒకదానికొకటి ఆనించి చిన్నపాటి విద్యుత్తు పంపితే అవి కలిసిపోయాయి. డాలీ అలా పుట్టింది. ఒక జీవి కణం నుంచి అవే జన్యువులున్న మరో జీవిని పుట్టించే ఈ పద్ధతే క్లోనింగ్.

డాలీ పేరు అందరికీ గుర్తుంది. 277 అన్న అంకె మాత్రం ఎవరి నోటా వినిపించదు. అలా కలిపిన అండాలు 277. వాటిలో 29 పిండాలుగా ఎదిగాయి. ఆ పిండాలను 13 గొర్రెల గర్భాల్లో ప్రవేశపెడితే బతికి బయటపడింది ఒక్క డాలీయే. 2005లో దక్షిణ కొరియాలో తొలి క్లోనింగ్ కుక్కపిల్ల కోసం ఏకంగా 1,095 పిండాలను 123 కుక్కల్లో ఉంచారు. నిలిచిన గర్భాలు మూడు, పుట్టిన పిల్లలు రెండు. వాటిలో ఒకటి నెల తిరగకుండానే న్యుమోనియాతో చనిపోయింది.

క్లోనింగ్ ప్రస్తావన వస్తే చాలు, దేవుడి పనిలో మనిషి వేలు పెట్టవచ్చా అన్న వాదన మొదలవుతుంది. ఈ ప్రశ్నతో మనం చాలా కాలం వృథా చేసుకున్నామని నా అభిప్రాయం. 1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు పుట్టినప్పుడూ ఇదే మాట అన్నారు. ఈ రోజు ఆ పద్ధతిలో పుట్టినవారు కోటికి పైగా ఉన్నారు, వారిని చూసి ఎవరూ ఉలిక్కిపడటం లేదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ప్రయోగం విఫలమైతే ఆ నష్టం ఎవరి ఒంటి మీద పడుతుంది? ఆ ఒంటి యజమాని అందుకు ఒప్పుకున్నారా?

మనిషి క్లోనింగ్‌ను ఈ ప్రశ్న ముందు నిలబెడితే జవాబు కోసం వెతుక్కోవలసిన పని లేదు. అండాలు ఇవ్వడానికి ఎందరో స్త్రీలు హార్మోన్ సూదులు వేయించుకోవాలి. ఇంకెందరో గర్భం మోసి పోగొట్టుకోవాలి. క్లోనింగ్ చేసిన దూడల్లో, గొర్రెపిల్లల్లో కొన్ని కడుపులోనే అతిగా పెరిగి ప్రసవాన్ని ప్రాణాంతకం చేసిన సంగతి పరిశోధకులందరికీ తెలుసు. పుట్టీపుట్టగానే ఊపిరి అందక పోయినవీ ఉన్నాయి. మనిషి బిడ్డల విషయంలో ఇటువంటి లెక్కను ఏ శాస్త్రవేత్త రాయగలడు? ఏ సమాజం చదవగలదు? 2005లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ మనిషి క్లోనింగ్‌ను నిషేధించాలని దేశాలను కోరుతూ తీర్మానం చేసింది. కానీ దానికి కట్టుబడి తీరాలన్న నియమం లేదు.

చనిపోయిన బిడ్డను తిరిగి తెచ్చుకోవచ్చన్న ఆశతో క్లోనింగ్ వైపు చూసేవారి మీద నాకు కోపం రాదు. ఆ దుఃఖం ముందు వాదనలు నిలవవు. అయితే 2001 చివర అమెరికాలో పుట్టిన తొలి క్లోనింగ్ పిల్లి సంగతి వారికి ఎవరైనా చెప్పాలి. కణం ఇచ్చిన పిల్లి ఒంటి మీద మూడు రంగులుండేవి. పుట్టిన పిల్లకు నారింజ రంగు మచ్చ ఒక్కటీ లేదు. ఆడపిల్లి కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉన్నా ఒకటే పనిచేస్తుంది, రెండోది మూతపడి ఉంటుంది. ఎంచుకున్న కణంలో నారింజ రంగుకు కారణమైన క్రోమోజోమ్ మూతపడింది, అది మళ్లీ తెరుచుకోలేదు. జన్యువులన్నీ అవే అయినా పిల్లి అది కాదు. ఒంటి మీది రంగే తిరిగి రానప్పుడు, పోయిన బిడ్డ నవ్వు ఎలా తిరిగి వస్తుంది? పైగా ఆ రెండో బిడ్డ జీవితాంతం మొదటి బిడ్డ నీడలో బతకాలి.

జన్యు సవరణ విషయం ఇంత తేలికగా తేలదు. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పెంటియే క్రిస్పర్ పద్ధతిని వివరించాక డీఎన్‌ఏలో కోరుకున్న చోట కోత పెట్టడం సులువైంది. వారికి 2020లో నోబెల్ బహుమతి దక్కింది. ఈ కత్తెరను దేహకణాల మీద వాడటం ఒకటి, పిండం మీద వాడటం మరొకటి. మొదటిది ఆ మనిషితోనే ముగుస్తుంది. రెండోది అతని పిల్లలకూ, వారి పిల్లలకూ వెళుతుంది.

మొదటి దారి ఎంత మేలు చేయగలదో, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ వ్యాధి చికిత్స చూపించింది. రోగి మూలకణాలను బయటికి తీసి, పుట్టకముందు పనిచేసి ఆ తరువాత తగ్గిపోయే హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా సవరించి, తిరిగి ఎక్కిస్తారు. మధ్యలో పాత మూలుగను మందులతో చంపేయాలి. అది చిన్న బాధ కాదు. అయినా నొప్పితో మెలికలు తిరిగిన రోగి ఆ బాధను తెలిసి ఒప్పుకుంటున్నాడు. బ్రిటన్, అమెరికా 2023లో దీనికి అనుమతి ఇచ్చాయి. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. ఈ వ్యాధిగ్రస్తులు అత్యధికంగా ఉన్నది సహారా దిగువ ఆఫ్రికాలో. ఈ దూరం నన్ను బాధిస్తుంది. కానీ ఇది పంపిణీలోని అన్యాయం, చికిత్సలోని దోషం కాదు. దీన్ని సరిదిద్దే దారులు ఉన్నాయి.

రెండో దారిలో ఏం జరిగిందో 2018 నవంబరులో చూశాం. చైనా శాస్త్రవేత్త హె జియాంకుయి పిండాల్లో, హెచ్‌ఐవీ కణాల్లోకి చొరబడేందుకు ఉపయోగపడే సీసీఆర్5 అనే జన్యువును సవరించానని, కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించారు. తండ్రికి హెచ్‌ఐవీ ఉంది, పిల్లలకు అది సోకకూడదన్నది ఆయన చెప్పిన కారణం. వీర్యాన్ని శుద్ధి చేసి ఆ ప్రమాదాన్ని తప్పించే పద్ధతి అప్పటికే ఉంది. పైగా ఆ సవరణ ఇద్దరిలోనూ ఒకేలా జరగలేదు. ఒక పాపలో జన్యువు రెండు ప్రతుల్లో ఒకటే మారింది, అంటే ఆశించిన రక్షణ కూడా దక్కలేదు. ఆయనకు మూడేళ్ల జైలుశిక్ష, 30 లక్షల యువాన్ల జరిమానా పడ్డాయి. శిక్ష ఆయనది పూర్తయింది. ఆ పిల్లలు మాత్రం ఆ మార్పుతోనే పెరుగుతున్నారు.

తల్లిదండ్రులు పిల్లల తరఫున ఎన్నో నిర్ణయాలు తీసుకుంటారు కదా, టీకాలు వేయించేటప్పుడు పసిబిడ్డ అనుమతి అడుగుతామా అని కొందరు వాదిస్తారు. బలమైన వాదనే. కానీ టీకా కోట్ల మందిలో పరీక్షకు నిలిచింది, మనవల రక్తంలోకి దిగదు. జన్యువుల్లో మంచిదేదో చెడ్డదేదో తేల్చడం కూడా మనం అనుకున్నంత తేలిక కాదు. సికిల్ సెల్ జన్యువు రెండు ప్రతులుంటే ప్రాణం తీస్తుంది, ఒకే ప్రతి ఉంటే తీవ్రమైన మలేరియా నుంచి కాపాడుతుంది. సీసీఆర్5 పనిచేయనివారికి దోమల ద్వారా వచ్చే వెస్ట్ నైల్ వైరస్ సోకితే ముప్పు ఎక్కువ. వంశపారంపర్య వ్యాధి ఉన్న దంపతుల్లో ఎక్కువమందికి, పిండాలను ముందే పరీక్షించి ఆరోగ్యవంతమైనదాన్ని ఎంచుకునే మార్గం ఇప్పటికే ఉంది. ఆ మార్గం అసలే లేని జంటలు చాలా అరుదు. వారి కోసం తలుపు ఎప్పటికీ మూసేయాలని నేను అనను. ఈ రోజు తెరవకూడదని మాత్రం అంటాను.

దీనికి నా దగ్గర ఇంకో కారణం ఉంది. పిండంలో చేసిన సవరణ క్షేమమో కాదో తెలియాలంటే ఆ బిడ్డను ముసలితనం దాకా, ఆ తరువాత ఆ బిడ్డ సంతానాన్ని కూడా వైద్యులు పరీక్షిస్తూ ఉండాలి. ప్రయోగంలో పాల్గొనే ఎవరికైనా ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండిన రోజున ఆ పాప లేచి, ఇక నా రక్తం ఇవ్వను, నన్ను చూడటానికి రావద్దు అంటే గౌరవించి తీరాలి. అప్పుడు ఆ ప్రయోగం ఫలితం ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే ఆమె ఇష్టానికి విరుద్ధంగా వెంటపడాలి. ఈ చిక్కుముడి విప్పే పద్ధతిని పిండాల సవరణకు అనుమతి కోరుతున్నవారెవరూ ఇంతవరకు మన ముందు ఉంచలేదు.