దాణా పెంచే ముందు ఎండుగడ్డి సంగతి చూడాలి

టెక్సస్‌లో ఎఫ్ఎఫ్ఏ, ఫోర్-హెచ్ అనే, వ్యవసాయం, పశుపోషణ నేర్పే యువజన సంఘాల పిల్లలు పశుప్రదర్శనల కోసం పెంచే, బీజం కొట్టిన కోడెల గురించి మీరు రాసిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. అయితే బరువు పెరగడానికి దాణా ధారాళంగా పెట్టాలని చెప్పి మేత విషయాన్ని అంతటితో ముగించడం నాకు వెలితిగా తోచింది.

మా అమ్మాయి బడి పశువులశాలలో పెంచిన కోడె మొదట సుమారు 600 పౌండ్లు ఉండేది. ప్రదర్శన నాటికి దాన్ని 1,300కు తేవాలన్న ఆత్రంలో మొక్కజొన్న దాణాను రెండు రోజుల్లోనే రెట్టింపు చేశాము. మూడో ఉదయం వెళ్లేసరికి అది నెమరు వేయడం మానేసి, ఎడమ డొక్క డోలులా ఉబ్బి, కాళ్లు మార్చి మార్చి వేస్తూ నిలబడి ఉంది. పశువైద్యుడు నోటి గుండా గొట్టం వేసి వాయువు తీయకపోతే దక్కేది కాదు. గింజలు ఒక్కసారిగా ఎక్కువైతే పొట్టలో ఆమ్లం పెరిగి, గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు నశిస్తాయని, కాబట్టి దాణాను రెండు మూడు వారాల పాటు కొద్దికొద్దిగా పెంచాలని, ఎండుగడ్డి వేసిన తర్వాతే అది పెట్టాలని ఆయన వివరించారు. అప్పటి నుంచి అమ్మాయి పూటపూటకూ దాణా తూచి, తొట్టి అడుగున మిగిలినది చేత్తో తీసి చూసి, పుస్తకంలో రాసుకునేది.

చాలా ప్రదర్శనల్లో వేలం తర్వాత కోడె కబేళాకే వెళ్తుంది. నెలల తరబడి స్నానం చేయించి, పలుపు పట్టి నడిపించిన పిల్లకు ఆ సంగతి కోడెను కొనకముందే చెప్పాలని, ముఖ్యంగా ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల కోసం, వ్యాసంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.