సిమ్ రేసింగ్‌లో కొత్త డ్రైవర్‌కు పాయింట్ల కంటే ముందు తేలాల్సింది

ఆన్‌లైన్ సిమ్ రేసింగ్ (కంప్యూటర్‌లోనో గేమ్ కన్సోల్‌లోనో నిజమైన కారులా నడిపే పోటీ) ఛాంపియన్‌షిప్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం దాదాపు అందరూ చేసేది ఒకటే. తమ ల్యాప్ టైమ్‌ను పట్టిక పైభాగంలో ఉన్నవాళ్లతో పోల్చుకుని దిగులుపడతారు. ఖాళీ ట్రాక్ మీద ఒంటరిగా తిరిగి సాధించిన బెస్ట్ ల్యాప్‌కు ఈ పోటీల్లో నిజానికి అంత విలువ లేదు. వీటిని నడిపేవాళ్లకు అందరికంటే వేగంగా వెళ్లేదెవరో కనిపెట్టడం రెండో పని. ఎవరి పక్కన ఎవరిని నిలబెడితే రేసు సవ్యంగా సాగుతుందో తేల్చడమే మొదటి పని. నిబంధనలు చాలావరకు దానికోసమే పుట్టాయి.

2008లో మొదలైన ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ రేసింగ్ వేదికనే చూడండి. అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ రూకీ లైసెన్స్ ఇస్తారు. దానిపైన డి, సి, బి, ఏ అని మెట్లు ఉంటాయి. ఎంత జాగ్రత్తగా నడుపుతున్నారో చెప్పే సేఫ్టీ రేటింగ్ 2.50 దగ్గర మొదలవుతుంది. అది 3.00 దాటి, చెప్పినన్ని రేసులు పూర్తిచేస్తే రూకీ నుంచి డి లైసెన్స్‌కు వెళ్లొచ్చు. రేసు గెలవాలన్న షరతు ఎక్కడా లేదు. ప్రతి రేసులోనూ చివరి స్థానంలో వచ్చినవాడు పై మెట్టు ఎక్కొచ్చు, దొరికిన ప్రతి కారునూ గుద్దుకుంటూ గెలిచినవాడు కిందే ఉండిపోవచ్చు.

ఈ రేటింగ్ లెక్క సులభమే. చక్రాలు ట్రాక్ దాటితే ఒక ఇన్సిడెంట్ పాయింటు (ఇవి ఎంత తక్కువైతే అంత మంచిది), కారు అదుపు తప్పితే రెండు, మరో కారును గట్టిగా తగిలితే నాలుగు. తిరిగిన మలుపుల సంఖ్యతో ఈ పాయింట్లను పోల్చి, తక్కువగా ఉంటే రేటింగ్‌ను పెంచుతారు, ఎక్కువగా ఉంటే తగ్గిస్తారు. గొడవంతా ఆ నాలుగు పాయింట్ల దగ్గరే. తప్పెవరిదని సాఫ్ట్‌వేర్ అడగదు. గుద్దినవాడికీ నాలుగే, గుద్దించుకున్నవాడికీ నాలుగే.

అన్యాయం అనిపిస్తుంది, కొత్తవాళ్లకు మరీ. అయినా నా ఉద్దేశంలో ఇది సరైన ఏర్పాటే. తప్పును సాఫ్ట్‌వేర్‌తో తేల్పించడం మొదలుపెడితే, నేరం ఎదుటివాడి మీద పడేలా కారు నడిపే విద్య ఒకటి పుట్టుకొస్తుంది. ఇప్పటి లెక్కలో ఆ ఆట సాగదు. ఒకటి రెండు రేసుల్లో దురదృష్టం ఎవరికైనా ఉంటుంది, పదుల రేసుల తర్వాత కూడా రేటింగ్ లేవడం లేదంటే అది దురదృష్టం కాదు. మొదటి మలుపులో ముందున్నవాడు కంగారుపడి తొందరగా బ్రేక్ వేస్తాడని ఊహించి, కాస్త ఎడం ఉంచడం కూడా డ్రైవింగే.

కాకపోతే దీనికో పక్కదారి ఉంది. కొందరు అందరూ వెళ్లిపోయాక, ట్రాక్ పక్కన కార్లు ఆగే పిట్ లేన్ నుంచి తాపీగా బయల్దేరి, ఒంటరిగా మలుపులు లెక్కపెట్టుకుంటూ రేటింగ్ పెంచుకుంటారు. లైసెన్స్ వస్తుంది, పక్కనే మరో కారు ఉండగా మలుపు తిరగడం మాత్రం రాదు. ఆ లోటు డి క్లాస్ మొదటి రేసులోనే బయటపడుతుంది.

ఇక వేగం లెక్క వేరేగా, ఐరేటింగ్ రూపంలో సాగుతుంది. చదరంగంలో ఈలో రేటింగ్‌లాగా, మనకంటే బలమైనవాళ్లకు ముందు నిలిస్తే ఎక్కువ పెరుగుతుంది. ఒక్క రేసులో పట్టనంతమంది వస్తే దీన్నిబట్టే స్ప్లిట్లుగా, అంటే వేర్వేరు రేసులుగా విడదీస్తారు. బలమైన స్ప్లిట్‌లో గెలుపుకు ఎక్కువ ఛాంపియన్‌షిప్ పాయింట్లు, బలహీన స్ప్లిట్‌లో గెలిస్తే తక్కువ. దాంతో పట్టికలో పక్కపక్కనే ఉన్న ఇద్దరు సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా ఎదురుపడకపోవచ్చు. ఒక సీజన్ 12 వారాలు, వాటిలో మంచి ఫలితాలు వచ్చిన కొన్ని వారాలనే లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి తీరిక ఎక్కువ ఉన్నవాడికి పట్టికలో కొంత లాభం ఉంటుంది. కొత్త డ్రైవర్ ఆ స్థానం గురించి టెన్షన్ పడటం దండగ.

గ్రాన్ టురిస్మో 7 అనే మరో రేసింగ్ గేమ్‌లోనూ డ్రైవర్ రేటింగ్, స్పోర్ట్స్‌మన్‌షిప్ రేటింగ్ అని రెండు వేర్వేరుగా ఉంటాయి. పేర్లు మారాయి, ఆలోచన అదే.

సాఫ్ట్‌వేర్ చేయలేని పని, ఆటగాళ్లే సొంతంగా నడుపుకునే లీగులు చేస్తాయి. అక్కడ కొద్దిమందే, వారానికో రెండు వారాలకో ఒకసారి, అవే ముఖాలతో పోటీపడతారు. చేరేముందు మంచి లీగ్ ఒక ట్రయల్ రేసు పెడుతుంది. గొడవ జరిగితే గడువులోపు రీప్లే క్లిప్‌తో ఫిర్యాదు చేయాలి, స్టీవార్డులు, అంటే రేసు న్యాయనిర్ణేతలు, చూసి తీర్పు చెబుతారు. మొదటి ల్యాప్‌లో లోపలి వైపు దూరి ఇంకొకరిని బయటికి నెట్టినవాడికి ఐదు సెకన్ల పెనాల్టీ వేసి, ఎందుకు వేశారో నాలుగు వాక్యాల్లో రాస్తే, చదివిన ప్రతి కొత్త డ్రైవరూ నేర్చుకుంటాడు. గిర్రున తిరిగి ట్రాక్ బయటపడ్డ కారును మళ్లీ ట్రాక్ మీదికి ఎప్పుడు తేవాలి, వెనక నుంచి వేగమైన కారు వస్తోందని చెప్పే నీలి జెండా చూపిస్తే ఏం చేయాలి, పక్కవాడికి ఎంత చోటు వదలాలి అన్నవి రేటింగ్ అంకెలు నేర్పవు. రీప్లేలో తగిలినట్టు కనిపించిన కార్లు నిజానికి ఇంటర్నెట్ ఆలస్యం వల్ల అలా కనిపించాయా అన్న సందేహాన్ని తీర్చగలిగేదీ మనుషులే.

పేరున్న డ్రైవర్లకూ ఈ క్రమశిక్షణ తేలికేమీ కాదు. 2020 ఏప్రిల్‌లో బ్రిస్టల్ వర్చువల్ రేసులో ప్రమాదం జరిగాక అమెరికాలోని నాస్కార్ కారు రేసుల డ్రైవర్ బబ్బా వాలెస్ కోపంతో మధ్యలోనే ఆట ఆపేసి వెళ్లిపోయాడు, దాంతో ఒక స్పాన్సర్‌ను పోగొట్టుకున్నాడు. మరోపక్క విలియం బైరన్ కుర్రతనంలో ఐరేసింగ్‌తో మొదలుపెట్టి, 2024లో, 2025లో నిజమైన ట్రాక్ మీద, నాస్కార్‌లో అతి పేరున్న రేసైన డేటోనా 500 గెలిచాడు. చాలామంది కొత్తవాళ్లు ఆ రెండో కథ కోసమే చేరతారు. అలాంటి కథలు బహు అరుదు, ఛాంపియన్‌షిప్‌ను దాని కోసం ఎంచుకోకూడదు.

స్టీరింగ్ ఖరీదు గురించి కూడా కొత్తవాళ్లు ఎక్కువగా ఆలోచిస్తారు. తొలి మెట్లలో చాలా సిరీస్‌లు అందరికీ ఒకే కారు సెటప్ (కారు లోపలి అమరికలు) ఇస్తాయి. డబ్బు పెట్టాలనే ఉంటే ముందు బ్రేక్ పెడల్ మీద పెట్టొచ్చు.

లీగ్ ఎంచుకునేటప్పుడు నేను చూసేది వేరే ఉంది. గత సీజన్‌లో స్టీవార్డులు ఇచ్చిన తీర్పులు, కారణాలతో సహా అందరికీ కనిపించేలా పెట్టారా? గెలుపు వరసలో ఉన్నవాళ్ల మీద కూడా పెనాల్టీలు పడ్డాయా? ఈ రెండూ లేకపోతే, బహుమతి ఎంత పెద్దదైనా అందులో పేరు ఇవ్వను.