నా ఉమ్మి వయసు 61

నా వయసు 54. నా ఉమ్మి వయసు 61.

ఈ సంగతి నాకు తెలియజేసినది ఒక కంపెనీ. వాళ్లు పంపిన ప్లాస్టిక్ గొట్టంలో గీత దాకా ఉమ్మి, మూత బిగించి, పెట్టెలో పెట్టి, పైగా డబ్బు కూడా కట్టి పంపాను. అరగంట ముందునుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు అన్నారు. ఎండిపోయిన నోటితో ఆ గీతను అందుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బహుశా ఆ ఇరవై నిమిషాల్లోనే ముసలివాణ్ని అయిపోయి ఉంటాను. కొన్నాళ్లకు పన్నెండు పేజీల నివేదిక వచ్చింది. మొదటి పేజీలో గడియారం బొమ్మ, దాని కింద 'మీ జీవ వయసు 61.3'.

ఏడేళ్లు కలిపినందుకు నాకు బాధ లేదు. ఆ చుక్క తర్వాతి మూడు దగ్గరే ఆగిపోయాను. నేను పుట్టిన వేళ గురించి మా అమ్మకూ నాన్నకూ ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. నా ఉమ్మి మాత్రం నెలలతో సహా తేల్చి చెప్పింది.

మా ఆవిడకు 49. ఇంతకాలం మా మధ్య ఐదేళ్ల తేడా. నివేదిక తిరగేసి, "పన్నెండేళ్లు పెద్దవాడికి ఇస్తున్నారని తెలిస్తే మా నాన్న ఒప్పుకునేవాడు కాదండీ" అంది.

బాధ్యత గల మనిషిగా నేను ఈ శాస్త్రం సంగతేమిటో చదవాలని నిశ్చయించుకున్నాను. 2013లో స్టీవ్ హోర్వత్ అనే శాస్త్రవేత్త డీఎన్‌ఏ మీద 353 చోట్ల ఉండే మిథైల్ గుర్తులను కొలిచి మనిషి వయసు చెప్పవచ్చని చూపించాడు. డీఎన్‌ఏ అక్షరాలు అలాగే ఉంటాయి. వాటి పక్కన పెన్సిలుతో పెట్టుకున్నట్టుండే గుర్తులు మాత్రం వయసు పెరిగేకొద్దీ కొన్నిచోట్ల చెరుగుతాయి, కొన్నిచోట్ల కొత్తగా పడతాయి. రక్తం తీసుకున్నా, కాలేయం తీసుకున్నా, మెదడు తీసుకున్నా 'గడియారం' అని పిలిచే ఈ లెక్కే పనిచేసింది. మధ్యస్థంగా చూస్తే పొరపాటు 3.6 ఏళ్లు. గొప్ప పని. అందులో వ్యంగ్యానికి చోటు లేదు. చోటంతా ఆ తర్వాత అద్దెకిచ్చారు.

గడియారాన్ని తయారుచేసింది మనిషి అసలు వయసును కనిపెట్టడానికి. సరిగ్గా చెబితే అది గడియారం గొప్ప. తప్పు చెబితే ఆ తేడాకు 'జీవ వయసు' అని పేరు పెట్టారు, అది నా తప్పు. నిద్ర చాలలేదు, నడక చాలలేదు, మనసు కుదురుగా లేదు అని మిగిలిన పదకొండు పేజీలూ నన్ను మందలించడానికే. ఇలా ఎప్పటికీ ఓడిపోని గడియారాన్ని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇక్కడ కాస్త పక్కదారి పట్టక తప్పదు. ఎందుకంటే జన్యువులను తేదీలుగా మార్చే విద్యలో నా కంపెనీ మొదటిది కాదు. మొదటిది కంప్యూటర్‌లోని గళ్ల కాగితం, ఎక్సెల్.

మనిషి జన్యువుల్లో సెప్టిన్ అనే కుటుంబం ఒకటుంది. కణం రెండుగా చీలేటప్పుడు పనికివచ్చే ప్రొటీన్లు వాటివి. శాస్త్రవేత్తలు వాటిని పొట్టిగా సెప్ట్1, సెప్ట్2 అని రాసుకునేవారు. మరో కుటుంబం పేరు మార్చ్. నెలల తరబడి శ్రమించి ఏ కణితిలో ఏ జన్యువు పెచ్చరిల్లిందో లెక్కగట్టిన పరిశోధకుడు ఆ జాబితాను ఎక్సెల్‌లో తెరుస్తాడు. ఎక్సెల్ పట్టీని పైనుంచి కిందిదాకా పరికిస్తుంది. సెప్ట్2 కనబడుతుంది. పాపం ఇతగాడు సెప్టెంబరు 2 అని రాయబోయి తొందరపడ్డాడు కాబోలు అనుకుని దిద్దిపెడుతుంది. మార్చ్1ని మార్చి 1 చేస్తుంది. అడగదు, చెప్పదు. ఫైలును అలాగే దాచుకున్నాక వెనక్కు రాబట్టడమూ కష్టమే, ఎందుకంటే గడిలో మిగిలింది పేరు కాదు, తేదీని సూచించే అంకె.

ఇది 2004లోనే అచ్చయిన సంగతి. లోకం దాన్ని చదివి, తల పంకించి, ఎక్సెల్ తెరిచింది. 2016లో కొందరు ఓపిక చేసుకుని లెక్క తీస్తే, ఎక్సెల్ జన్యు జాబితాలు జతపరిచిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదింట ఒకదానిలో ఇలాంటి తప్పులు దొరికాయి. మరి పరిష్కారం? సాఫ్ట్‌వేర్‌ను మార్చడం మాటలా! 2020లో మనిషి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం జన్యువుల పేర్లే మార్చింది. సెప్ట్1 సెప్టిన్1 అయింది, మార్చ్1 అంకెకు ముందు ఒక ఎఫ్ తగిలించుకుంది. మంచుయుగాలు దాటివచ్చిన జన్యువు చివరికి గళ్ల కాగితం ముందు తల వంచింది. ఈ అలవాటును కట్టేసుకునే మీటను ఎక్సెల్ 2023లో ఇచ్చింది. అప్పటికి నామకరణం అయిపోయింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, గళ్ల కాగితంలో జారే వరస ఎప్పుడూ నవ్వులాటతో పోదు. ఏ క్యాన్సర్ రోగికి ఏ మందు పనిచేస్తుందో జన్యువులను చూసి ముందే చెప్పేస్తామని పేరు మోసిన ఒక పరిశోధనను ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు పట్టు వదలకుండా తవ్వి చూశారు. ఇతర అవకతవకలతో పాటు, జన్యువుల జాబితా మొత్తం ఒక్క వరస కిందికి జరిగి ఉందని 2009లో బయటపెట్టారు. అంటే ఒక జన్యువు నేరం పక్క జన్యువు మీద పడింది. అప్పటికే ఆ లెక్కల ఆధారంగా రోగులకు మందులు నిర్ణయిస్తున్నారు. ఆ ప్రయోగాలను తర్వాత ఆపేశారు, పత్రాలను వెనక్కు తీసుకున్నారు.

సరే, నా సంగతికి వద్దాం. జన్యువును తేదీగా మార్చడం ఎక్సెల్ చేస్తే పొరపాటు, నా కంపెనీ చేస్తే సేవ. సేవ అందింది కనుక, 61ని తిరిగి 54కు దించుకునే మార్గం వెతకడం నా వంతు.

మొదట దొరికింది టెలోమరేజ్. ప్రయోగశాలలో పెంచిన మామూలు మనిషి కణాలు 40 నుంచి 60 సార్లు చీలి, ఆ పైన చీలడం మానేస్తాయని హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త 1961లో చూపించాడు. చీలిన ప్రతిసారీ క్రోమోజోము కొసలు కాస్త అరుగుతాయి. అరిగిన కొసను మళ్లీ అల్లిపెట్టే ఎంజైమే ఈ టెలోమరేజ్. దాన్ని, ఆ కొసల రహస్యాన్ని కనిపెట్టిన ముగ్గురికి 2009లో నోబెల్ ఇచ్చారు. నాకు కావలసింది ఇదే అని చప్పట్లు కొట్టి, తర్వాతి పేరా చదివాను. నూటికి 85 నుంచి 90 క్యాన్సర్లు ఆ ఎంజైముతోనే బతుకుతున్నాయట. అంటే నేను రాయబోతున్న దరఖాస్తును క్యాన్సర్ కణం నాకంటే ముందే రాసుకుంది. మంజూరు కూడా తానే చేసుకుంది. పదవీ విరమణ వద్దు, ఉన్న చోటు వదలను, ఇంకా కావాలి. మా ఇద్దరి కోరికల్లో ఒక్క అక్షరం తేడా ఉంటే చూపించండి.

అమరత్వం ఎలా ఉంటుందో చూడాలంటే ఒక ఉదాహరణ ఉంది. 1951లో హెన్రియెట్టా ల్యాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఆసుపత్రికి వెళ్లింది. ఆమెను అడగకుండానే కణితిలోంచి కొన్ని కణాలు తీసుకున్నారు. ఆమె అదే ఏడాది, 31 ఏళ్లకే చనిపోయింది. ఆ కణాలు ఈరోజుకీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో చీలుతూనే ఉన్నాయి. పక్క గిన్నెల్లోకి చొరబడి, వేరే కణాలమని చెప్పుకుని, ఎన్నో ప్రయోగాలను పాడుచేశాయి కూడా.

రెండో మార్గం జపాన్ శాస్త్రవేత్త యమనక గారిది. 2006లో ఆయన నాలుగు జన్యువులను ఎలుక చర్మ కణంలోకి ఎక్కించి దాన్ని పిండదశలోని మూలకణంలాంటి స్థితికి తీసుకుపోయాడు. ముసలి కణం వయసు మరిచిపోయింది. ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆ నలుగురిలో సి-మిక్ అనేది క్యాన్సర్ జన్యువుల జాబితాలో పాత ముద్దాయి. 2013లో ఈ నాలుగింటినీ బతికున్న ఎలుకల ఒంట్లోనే నడిపి చూశారు. వాటి కణాలకు బాల్యం గుర్తొచ్చింది, తాము కాలేయమో మూత్రపిండమో అన్నది మాత్రం గుర్తు లేకుండా పోయింది. రకరకాల కణజాలాలు కలగాపులగంగా కలిసిన కణితులు లేచాయి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. 2016లో మరో బృందం త్వరగా ముసలివయ్యే జబ్బున్న ఎలుకలకు ఇదే మందును వారానికి రెండు రోజులు ఇచ్చి, ఐదు రోజులు సెలవు ప్రకటించింది. అవి ఎక్కువ కాలం బతికాయి. వారానికి ఐదు రోజులు సెలవిస్తే ఆయువు పెరుగుతుందని నేను ఎప్పటినుంచో అనుకుంటున్నదే.

మూడోది రపమైసిన్. దూరాన ఈస్టర్ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు. 2009లో దీన్ని ముసలి ఎలుకల మీద పరీక్షించారు. ముసలి ఎలుకలే కావాలని ఎవరూ ముచ్చటపడలేదు. మందును మేతలో చెడిపోకుండా కలిపే పద్ధతి తేలేసరికి ఆలస్యమై, వాటికి 600 రోజులు వచ్చాయి, మనిషి లెక్కలో సుమారు అరవై ఏళ్లు. ఆ వయసులో మొదలుపెట్టినా ఆయువు పెరిగింది! ఆలస్యం అమృతం విషం అన్నవారు ఈ ఒక్క ప్రయోగాన్ని మినహాయించాలి. నేను మందుల చీటీకి చేయి చాచబోతూ, దాని మొదటి ఉద్యోగం ఏమిటో చూశాను. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారి ఒళ్లు కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణచడం. కాపలావాణ్ని పడుకోబెట్టాక ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది.

కుర్రవాళ్ల రక్తపు ప్లాస్మా ఎక్కించుకునే మార్గమూ ఉంది కానీ, అది యయాతి ఏనాడో చేసి చూశాడు. పూరుడి అంగీకారమైనా ఉంది అక్కడ. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ వ్యాపారానికి రుజువులు లేవని హెచ్చరిక జారీ చేసింది.

నేను పడుకోబెట్టబోయిన ఆ కాపలావాడి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నది క్యాన్సర్ విషయంలో సామెత కాదు, వైద్యశాస్త్రం. మన కణమే కనుక రక్షక కణం చూసి కూడా వదిలేస్తుంది. కణితి దాని బ్రేకు మీద కాలు వేసి నొక్కి ఉంచుతుంది. ఆ కాలును ఎలా తీయాలో చూపినందుకు ఆలిసన్, హోంజో అనే శాస్త్రవేత్తలకు 2018లో నోబెల్ వచ్చింది. ఆ మందులతో చావు అంచునుంచి తిరిగివచ్చినవారు ఉన్నారు. బ్రేకు తీసిన కాపలావాడు పేగుల్లోకి, థైరాయిడ్‌లోకి చొరబడి కంచే చేను మేసినట్టు మేసిన సందర్భాలూ ఉన్నాయి. అందుకని 2025లో మరో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు, ఈ కాపలావాళ్లను అదుపులో పెట్టే మరో రకం కణాలను కనిపెట్టినందుకు. బ్రేకు తీసినవారికీ బహుమతే, బ్రేకు చూపినవారికీ బహుమతే. నవ్వుతున్నాను కానీ, రెండూ న్యాయమే.

2012లో ఒక ఆరేళ్ల పాపకు ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్. మందులు పనిచేయడం మానేశాయి. ఆమె రక్షక కణాల్లో టి కణాలనేవాటిని తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే కొత్త జన్యువును ఎక్కించి, తిరిగి ఆమె ఒంట్లోకి వదిలారు. కణాలు పని మొదలుపెట్టాయి, ఎంత ఉత్సాహంగా అంటే పాప జ్వరంతో కాలిపోయి, వెంటిలేటరు మీదికి చేరింది. రక్తపరీక్షలో ఐఎల్-6 అనే అణువు విపరీతంగా పెరిగి కనిపించింది. దాన్ని అడ్డుకునే మందు కీళ్లవాతానికి వాడేది ఒకటి ఉంది. ఆ సంగతి పరిశోధక బృందం పెద్దకు తెలుసు, ఎందుకంటే ఆయన కూతురికి కీళ్ల జబ్బు. ఆ మందు ఇచ్చారు. పాప కళ్లు తెరిచిన రోజు ఆమె ఏడో పుట్టినరోజు. అది ఎక్సెల్ వేసిన తేదీ కాదు.

ఇక కంప్యూటర్ల ఘనత. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రొటీన్ల మడతలను ఊహించి పెట్టింది. దాన్ని తయారుచేసినవారికి 2024లో నోబెల్. ప్రొటీను మడత తేలింది, నా ముఖం ముడత తేలలేదు. ఒక్క అక్షరమే తేడా కనుక ఎంతో కాలం పట్టదని నమ్ముతున్నాను.

ఆ నమ్మకంతోనే రెండోసారి ఉమ్మాను. మొదటి నమూనాకు సరిగ్గా మూడు వారాల తర్వాత, అదే కుర్చీలో, అదే గీత దాకా. ఒకే నమూనాను రెండుసార్లు కొలిచినా కొన్ని గడియారాలు తొమ్మిదేళ్ల దాకా తేడా చూపగలవని 2022లో ఒక పరిశోధక బృందం తేల్చిందని అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే డబ్బు మిగిలేది, ఈ ఆనందం మిగిలేది కాదు. నివేదికలో ఈసారి 57.3. కింద పచ్చని అక్షరాల్లో 'అభినందనలు, మీ జీవనశైలి మార్పులు ఫలిస్తున్నాయి' అని ఉంది. నేను మార్చింది గొట్టం ఒక్కటే.

మూడు వారాలకు నాలుగేళ్లు. ఇదే వేగంతో లెక్కగడితే మిగిలిన 57.3 ఏళ్లూ కరగడానికి 43 వారాలు పడుతుంది, నవమాసాలకు కాస్త ఎక్కువ. మూడో గొట్టం నిన్ననే వచ్చింది. మా ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి, "చివరి నెలల్లో గీత దాకా మీరే ఉమ్మగలరా, నేను చొంగ పట్టాలా?" అని అడిగింది.