మైలేజీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మైలేజీ గారికి హన్మకొండ నుంచి నమస్కారాలు.

మా దగ్గర మీకున్న మర్యాద ఎమ్మెల్యేలకు కూడా లేదు. కొత్త బండి షోరూం దాటకముందే "ఎంతిస్తది?" అని మీ గురించే అడుగుతారు. చౌరస్తాలో ఎర్ర లైటు పడితే ఇంజన్ బంద్, దిగుడు కనిపిస్తే న్యూట్రల్. అంతా మీ భక్తే.

1930లో నిజాం కాలంలో కట్టి, 1981లో మూతపడ్డ మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో మళ్లీ అనుమతి వచ్చింది. నా టెన్షన్ అదే. రేపు అక్కడికి ఏ చిన్న శిక్షణ విమానమో వస్తే, పైలట్ కంటే ముందు మీరెక్కి కూర్చుంటారు. "త్రాటిల్ (రేజ్ ఇచ్చే లివర్) మొత్తం ఎందుకు, కొంచెం వెనక్కి పట్టరాదు?" అంటారు.

అనకండి సార్. 180 హార్స్‌పవర్ కార్బొరేటర్ ఇంజన్ టేకాఫ్‌లో గంటకు దాదాపు 68 లీటర్లు, అంటే నిమిషానికి లీటరు పైనే తాగాలి. మీకు బీపీ పెరిగినా సరే. అందులో కొంత బలానికి కాదు, చల్లదనానికి. చాలా కార్బొరేటర్లలో త్రాటిల్ చివరిదాకా తెరిస్తేనే అదనపు పెట్రోలుకు దారి తెరుచుకుంటుంది. దాంతో గాలిలో పెట్రోలు పాలు పెరిగి మిశ్రమం చిక్కబడి, మంట నెమ్మదించి, సిలిండర్ హెడ్ వేడి అదుపులో ఉంటుంది. మీ మాట విని కాస్త ముందే ఆగితే బలం పెద్దగా తగ్గదు గానీ ఆ దారి తెరుచుకోదు. కేబుల్ సరిగ్గా సర్దక లివర్ చివరి ఆపును తాకకపోయినా అంతే. అప్పుడు డిటొనేషన్, అంటే సిలిండర్‌లో మిశ్రమం మెల్లగా మండకుండా ఒక్కసారిగా పేలడం, మొదలైతే పిస్టన్ గతి దేవుడికే తెలియాలి. బైకులో అయితే ఈ నాకింగ్ చెవికి వినబడుతుంది. ప్రొపెల్లర్ మోతలో ఏం వినబడుతుంది?

అందుకే పెట్రోలు ఎంత పోతుందో కొలవాలి. ఇంకో తమాషా, ఇలాంటి పాత విమానాల్లో చాలావాటికి పెట్రోలు ఎంత వేగంగా పోతుందో చూపే ఫ్యూయల్ ఫ్లో మీటరే ఉండదు. మెకానిక్ కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి, కొలత డబ్బా పెట్టి, గడియారం చూస్తాడు. రెక్కల్లోని ట్యాంకుల నుంచి పెట్రోలు దానంతట అదే దిగే విమానమైతే, టేకాఫ్‌కు కావలసిన దానికి ఒకటిన్నర రెట్లు రావాలని పాత అమెరికా నిబంధన. అయితే అది పైపు ఎంత ఇవ్వగలదో చెబుతుంది, కార్బొరేటర్ ఎంత తీసుకుంటుందో కాదు. దానికి మీటరు పెట్టించాల్సిందే. లేకుంటే ఫుల్ పవర్‌లో పొగగొట్టం వేడి, సిలిండర్ హెడ్ వేడి చూసి పసిగట్టాలి.

మీ అవసరం అసలే లేదనను. పైకెక్కి, పవర్ తగ్గించి, సాఫీగా పోతున్నప్పుడు రండి. పెట్రోలు పాలు తగ్గించే ఎర్ర మిక్స్చర్ నాబ్ మీ చేతికే ఇస్తాం, మెల్లగా వెనక్కి లాక్కోండి. అప్పటిదాకా రన్‌వే బయట, ఆటో స్టాండులో కూర్చోండి. అక్కడ మీకు గిరాకీ ఎక్కువ.

ఇట్లు,
మీ పాత భక్తుడు